అంచుల దగ్గర మసక

ఇప్పటికీ ఎవరైనా "ఏ కెమెరా అయితే ఏముందండీ, బొమ్మ పడితే చాలదా" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ మాట నలభై ఏళ్ళుగా వింటున్నాను. మొట్టమొదట విన్నది నా సొంత బామ్మర్ది నోటి నుంచి, నా సొంత ఇంట్లో, నేను అన్నం తింటూ ఉండగా. ముద్ద గొంతుకు అడ్డం పడింది. మా ఆవిడ నీళ్ళ చెంబు పట్టుకుని పరుగెత్తుకు రావాల్సి వచ్చింది.

నిజాం రాజ్యం ఆఖరి రోజులవి. పాలమూరులో స్టేషనుకు పోయే తోవలో నాకొక ఫోటో దుకాణం ఉండేది. దుకాణమంటే ముందు ఒక గది, వెనక ఒక చీకటి గది, అంతే. నా దగ్గర ఉన్నది కొయ్య కెమెరా. టేకు పెట్టె, దానికి తోలు తిత్తి, ముందు ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో అద్దం. లెన్సు అనే మాట తెలిసినా మేం దాన్ని అద్దమనే అనేవాళ్ళం. కొలువు ముగించుకుని ఓడెక్కబోతున్న ఒక దొర దగ్గర సికింద్రాబాదులో కొన్నాను. మా ఆవిడ వెండి కడియాలు దాని కిందే పోయాయి. ఆ సంగతి ఆవిడ నాకు వారానికోసారైనా గుర్తుచేసేది.

ఆ అద్దం గురించి మొదలుపెడితే నా నోరు ఆగదు. ఇరవై మందిని బారుగా నిలబెట్టి తీస్తే, నడుమ కూర్చున్న పెద్దమనిషి మీసం ఎంత స్పష్టంగా పడేదో, చిట్టచివర నిలబడ్డ జీతగాడి భుజం మీది గొంగడి పోగులూ అంత స్పష్టంగానే పడేవి. నడుమా అంచూ దానికి ఒకటే. అలాంటి అద్దం జిల్లాలో ఇంకెవరి దగ్గరా లేదని నా గర్వం. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే ఉండేదని మా ఆవిడ అనేది.

కాని దాన్ని మోయాలి కదా! పెట్టె ఒక ఎత్తు, ముక్కాలి స్టాండు ఒక ఎత్తు, గాజు పలకల పెట్టె ఇంకో ఎత్తు. అప్పట్లో బొమ్మ పడేది గాజు పలక మీద. పలక పగిలిందా, ఆ రోజు పనంతా పోయినట్టే. బండి మీద పోతే ప్రతి గుంతకూ నా గుండె ఆగేది. బస్సెక్కుదామంటే కండక్టరు ఎక్కనిచ్చేవాడు కాదు. నల్లగుడ్డ చుట్టిన స్టాండును చూసి ఒకడు "ఏందయ్యా గది, పీనుగనా? దింపు, దింపు" అని అందరి ముందూ అరిచాడు. నేను విప్పి చూపించేదాకా ఊరుకోలేదు. చూపించాక "గింత కట్టెనా? అయినా టాపు మీద జాగ లేదు, నడువు" అన్నాడు. ఏం చేస్తాం! ఎనిమిది మైళ్ళు బండి కట్టుకుని పోయాను ఆ పూట.

ఈ అవస్థలన్నీ చూసి మా బామ్మర్ది బొంబాయి నుంచి వచ్చేటప్పుడు నాకోసం ఒక వస్తువు తెచ్చాడు. అన్నం దగ్గర కూర్చున్నవాణ్ణి పట్టుకుని, షేర్వానీ జేబులోంచి తీసి పీట పక్కన పెట్టాడు. అరచేతిలో పట్టే నల్లటి పెట్టె. పక్కనున్న మీట నొక్కాడు. టప్పున మూత తెరుచుకుని, చిన్న తిత్తి, దాని కొసన గోళీకాయంత అద్దం బయటికి వచ్చాయి. లోపల గాజు పలక లేదు, చుట్ట చుట్టిన ఫిలిం. ఒక చుట్టకు ఎనిమిది బొమ్మలు.

"ఇగ సూడు బావా," అన్నాడు, "నీ ఏనుగును ఇంట్ల కట్టేసెయ్యి. ఇది జేబుల ఏసుకో, యాడికైనా పో. బండి లేదు, కిరాయి లేదు, నడుము నొప్పి లేదు. బొమ్మ పడితె సాలదా, ఏ కెమెరా అయితె ఏంది?"

ముద్ద అడ్డం పడింది ఇక్కడే.

వాడి నోరు మూయించాలని మర్నాడే పరీక్ష పెట్టాను. పాత ఉర్దూ పేపరొకటి తెచ్చి గోడకు నాలుగు మూలలా మేకులు కొట్టి, ముందు నా కెమెరాతో తీశాను, తర్వాత వాడిదానితో. రెండూ కడిగి, ఆరబెట్టి, వాడి ముందు పక్కపక్కన పెట్టి భూతద్దం చేతికిచ్చాను. నా దాంట్లో నాలుగు మూలల దాకా చదువుకోవచ్చు. వాడిదాంట్లో నడుమ అక్షరాలు బాగానే ఉన్నాయి. పక్కలకు పోయేకొద్దీ పలచబడి, అంచులకు వచ్చేసరికి చీమల బారు మీద కాలు పెట్టి నలిపినట్టు ఉంది.

వాడు నాలుగు మూలలా భూతద్దం తిప్పి చూశాడు. తప్పు ఒప్పుకుంటాడని నేను కాచుక్కూర్చున్నాను.

"అవు గని బావా, పేపరును ఎవడు ఫోటో తీపిచ్చుకుంటడే?" అన్నాడు.

"ఓరి నాయినా, పేపరు కాదురా! ఆ అంచున మనుషులుంటే ఏం గతి?"

"అంచుల ఉండేదెవరు బావా? నౌకర్లు, పాలేర్లు. ఫోటో అడిగేటోడు నడిమిట్ల కూసుంటడు. ఆయనది మంచిగ పడ్తది. ఇగ నీకేం ఫికర్?"

వాడి మాటలో వ్యాపారం ఉందని నా మనసుకు తెలుసు. అందుకే ఇంకా మండింది. "ఇంకోసారి ఆ డబ్బాను నా కళ్ళ ముందు పెట్టావంటే బావిలో వేస్తాను" అని అరిచాను. మా ఆవిడ లోపలి నుంచి "ఏస్తె మీ అద్దం గూడ ఎయ్యుండ్రి, నా కడియాల పీడ పోతది" అంది.

బావిలో వేయలేదు. వాడు దాన్ని దుకాణంలోనే పెట్టి పోయాడు. ఇక రోజూ దాని పోరే. వచ్చిన ప్రతివాడూ దాన్నే చేతిలోకి తీసుకునేవాడు. "గీ చిన్నదాంతోని తీయరాదే? గా పెద్దదాని ముంగట ఊపిరి బిగవట్టి కూసునుడు మాతోని కాదు" అనేవాళ్ళు. పెళ్ళివాళ్ళు, స్కూలు పంతుళ్ళు, అందరూ అంతే. నేను అద్దం గొప్పతనం వివరించబోతే, వినేవాళ్ళు మర్యాదకు తలూపుతూ చూపంతా చిన్న పెట్టె మీటపైనే పెట్టేవాళ్ళు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. అయినా నేను లొంగలేదు. పెద్దదే మోశాను, నడుముకు నువ్వుల నూనె రాయించుకుంటూ, మా ఆవిడ చేత తిట్లు తింటూ.

యుద్ధం ఆగిన ఏడు చలికాలంలో, అచ్చంపేట దారిలో ఉన్న ఒక మిషన్ దవాఖాన నుంచి పాస్టరుగారు వచ్చారు. ఆ దవాఖానలో ఏడుగురు ఆడపిల్లలు కాన్పు పని, కట్లు కట్టే పని నేర్చుకుని పరీక్ష గట్టెక్కారట. ఏడుగురూ కూలి ఇళ్ళ పిల్లలు. వాళ్ళ వాడల్లో నెల జీతం ముట్టబోయే మొదటి మనుషులు వాళ్ళే. వాళ్ళకొక ఫోటో తీయాలి.

"పెద్ద కెమెరానే తెండ్రి," అన్నారాయన. "ఆ పిల్లలు ఎన్నడూ ఫోటో దిగలే. మల్ల దిగుతరో లేదో."

నా కెమెరాను అడిగి మరీ పిలిచిన మనిషి ఎన్నాళ్ళకు దొరికాడు! తప్పకుండా తెస్తానన్నాను. అని, తేలేదు. దీని గురించి నన్ను నేను ఎంత తిట్టుకున్నా తనివి తీరదు, కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తాను.

దానికి ముందు వారమే ఒక ఊరికి బండి మీద పోతే ఇరుసు విరిగి, రెండు పలకలు పగిలి, నా నడుము పట్టేసింది. బొగ్గుతో నడిచే బస్సులవి. కొండ ఎక్కలేకపోతే అందరూ దిగి తోయాలి. తోసేవాళ్ళలో నేనూ ఉండాలి, టాపు మీద నా గాజు పలకలూ ఉండాలి. తెల్లారి లేచి పెట్టె వంక చూశాను. వంగబోతే నడుములో కత్తి దిగినట్టయింది. అలమారులో చిన్న పెట్టె కనిపించింది. ఈ ఒక్కసారికి అనుకున్నాను. జేబులో వేసుకుని బయల్దేరాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజంత హాయిగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది. పల్లీలు కొనుక్కుని తిన్నాను. బస్సు ఆగినప్పుడు చేతులూపుకుంటూ దిగాను, చేతులూపుకుంటూ ఎక్కాను. కండక్టరు నన్ను "అన్నా" అని పిలిచాడు. ఇన్నేళ్ళూ ఎందుకురా ఆ కట్టెలు మోశాను అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే చిరాకు పుడుతుంది.

దవాఖాన ముందు అంతా సిద్ధంగా ఉంది. పాస్టరుగారు నా చేతుల వంక చూసి, నా వెనక చూసి, "పెద్దదేదయ్యా?" అన్నారు. "ఇది కొత్తది, ఇంకా మంచిది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

కాని అప్పుడే తీయడానికి లేదు. తాలూకా అధికారి రావాలట. ఆయన కోసం పొద్దు తిరిగేదాకా కూర్చున్నాం. వచ్చారు. ఒక్కరే వచ్చారా? ఆయన వెంట పోలీసు అమీను, అడవి అధికారి, ఇద్దరు పటేళ్ళు, పట్వారీ, కలప గుత్తేదారు. దవాఖానలో ఉన్న కుర్చీలన్నీ బయటికి వచ్చాయి, చాలకపోతే బడి నుంచి బెంచీ కూడా వచ్చింది. నడుమ అధికారి, ఆయన పక్కన డాక్టరు దొరసాని, ఇటూ అటూ హోదా ప్రకారం తక్కినవాళ్ళు. నిండా మగవాళ్ళు, మీసాలు, తలపాగాలు. మరి ఫోటో ఎవరిది? ఏడుగురు పిల్లలు అటు నలుగురు, ఇటు ముగ్గురు, చివర్లకు పోయి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే పోయి నిలబడ్డారు.

"పిల్లలను ముందర కింద కూచోబెడదాం, నడుమకు వస్తారు" అన్నాను.

గుత్తేదారు నవ్వాడు. "ముంగట కూసుంటె సాబు బూట్లు అవుపడవు గదయ్యా. యాడ నిలబడ్తె ఏంది, ఫోటోల వస్తరు గద! జల్ది కానీ."

దొరసాని ఏదో అనబోయి అధికారి మొహం చూసి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. పెద్ద కెమెరా అయితే ఎవరెక్కడ నిలబడినా నాకు బాధ లేదు. నా చేతిలో ఉన్నది అది కాదు. పేపరు పరీక్ష పెట్టినవాణ్ణి నేనే, ఆ అంచుల్లో ఏమవుతుందో ఆ ఆవరణలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

దానికీ ఒక ఉపాయం ఉంది. అద్దం వెనకున్న రంధ్రాన్ని చిన్నది చేస్తే అంచులు కొంత తేటపడతాయి. అయితే వెలుగు తక్కువ పడుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతసేపు కెమెరా కదలకూడదు. అప్పటికే ఎండ వాలిపోయింది. స్టాండు పాలమూరులో, మా ఇంట్లో, గోడకు ఆనించి ఉంది. చేత్తో పట్టుకుని తీయాలంటే రంధ్రం పూర్తిగా తెరవక తప్పదు. తెరిచాను.

కుడివైపు ఇద్దరు చివరి కుర్చీ వెనక నిలబడగా, చిట్టచివర ఒక పిల్ల ఉంది. చామనఛాయ, తెల్లచీర, చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. చట్రంలోంచి సగం బయటికి పోతోంది. "లోపలికి జరుగమ్మా" అన్నాను. జరగలేదు. "జరుగు, ఇంకా జరుగు" అని అరిచాను. ఆ పిల్ల పక్కనున్న పటేలు కుర్చీ వంక చూసి, మెల్లగా "ఇంక జరుగుడు ఎట్లయ్యా, పటేలుకు తగుల్త" అంది. ఆమెకూ కుర్చీకీ మధ్య మూరెడు జాగా ఖాళీగా ఉంది. ఆ మూరెడూ దాటడానికి లేదు. పటేలు జరగడు, ఆమె జరగలేదు. నేనే రెండడుగులు వెనక్కి నడిచి అందరినీ ఎలాగో ఇరికించాను. మీట నొక్కాను. తీయడానికి పట్టింది ఒక్క చిటిక. అంతమందీ "అరే, అయిపోయిందా!" అని సంబరపడ్డారు.

ప్రింట్లు పంపాను. అధికారి మెచ్చుకున్నారని కబురొచ్చింది. ఆయన బూట్ల మెరుపు దాకా కనిపించిందట. మా బామ్మర్దికి ఇక పట్టపగ్గాలు లేవు. "నేను జెప్తె ఇనకపోతివి" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

ఎండాకాలం పోయి వానలు పట్టాక, ఒక పొద్దున దుకాణం మెట్ల దగ్గర ఒకామె నిలబడి ఉంది. యాభై ఏళ్ళుంటాయేమో, కాళ్ళనిండా ఎర్రమట్టి. లోపలికి రమ్మంటే రాలేదు. కొంగులోంచి మూట తీసి విప్పింది. లోపల నేను తీసిన ఫోటో.

"నా బిడ్డ," అంది, వేలు ఫోటోకు తగలకుండా పైన ఆపి చూపిస్తూ. కుడివైపు చిట్టచివర.

ఆ పిల్ల చనిపోయి నాలుగు నెలలయిందట. అడవిలో చెంచుల పెంటలో, అంటే గూడెంలో, కాన్పు చేయడానికి పోయి, అక్కడే చలిజ్వరం తగిలి, దవాఖానకు మోసుకొచ్చేలోపే పోయింది. తల్లికి కబురందేసరికి మట్టి కూడా వేసేశారు. చివరిచూపు లేదు.

"దీంట్ల దాని మొగం శానా చిన్నగున్నదయ్యా. పెద్దగ చేస్తరట గద, పాస్టరయ్య చెప్పిండు. దాని మొగం ఒక్కటి నాకు పెద్దగ చేసియ్యి."

ఎందుకమ్మా అని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"పొద్దుగాల లేస్తనే దాని మొగం యాదికి తెచ్చుకుంట. మొదట్ల జల్ది వస్తుండె. ఇప్పుడు ఒక్కొక్కనాడు శానాసేపు కూసుంటెగాని వస్తలేదు. మరిశిపోతనేమో అని బుగులైతాంది."

నేను భూతద్దం పెట్టి చూశాను. చూడకముందే తెలుసు. తెల్లచీర ఉంది, చేతులు ఉన్నాయి. మొహం ఉండాల్సినచోట ఎవరో తడి బొటనవేలితో రుద్దినట్టు ఒక మరక. కళ్ళు ఎక్కడ, నోరు ఎక్కడ? అప్పుడే చెప్పాల్సింది. అమ్మా, నా తప్పు, ఇందులో నీ బిడ్డ మొహం పడలేదు అని ఒక్క మాట అనాల్సింది. "వారం ఆగి రామ్మా" అన్నాను.

మా దుకాణం కిటికీ తలుపుకు ఒక కంత ఉండేది. దానికి పెట్టె బిగించి, పగటి వెలుగుతోనే బొమ్మలు పెద్దవి చేసేవాణ్ణి. నాలుగుసార్లు చేశాను. పెద్దది చేస్తే మరకే పెద్దదయింది. నడుమ కూర్చున్న అధికారి మొహం అదే ఫిలింలో గోడంత చేసినా చెడని విధంగా ఉంది. ఆయనకు నేను తీసిన ఫోటోలే ఇంకా ఆరో ఏడో ఉన్నాయి. ఈ పిల్లకు ప్రపంచం మొత్తం మీద ఇదొక్కటే. తలుపు వేసుకుని ఆ రోజు నేను పెట్టిన తిట్లు బజారంతా వినిపించాయట.

మా బామ్మర్ది వచ్చి చూశాడు. ఎన్నడూ లేంది వాడి మొహంలో నవ్వు లేదు. "టచింగ్ చెయ్యి బావా," అన్నాడు. "నీ చెయ్యి పడితె రాయికి గూడ మొగం వస్తది."

టచింగ్ అంటే ఫోటో మీద సన్న పెన్సిలుతో, కుంచెతో దిద్దడం. మశూచి మచ్చలు తీసేయడం, కనుబొమలు నల్లగా చేయడం, మూసిన కళ్ళు తెరిపించడం. అందులో నాకు పేరు. కాని దిద్దాలన్నా కింద ఎంతో కొంత ఉండాలి కదా! ఇక్కడ మొత్తం నేనే పెట్టాలి. చెప్పిన రోజుకు ఆమె వస్తే, ఎదురుగా పీట వేసి కూర్చున్నాను.

"మీ బిడ్డ కళ్ళు పెద్దవా, చిన్నవా?"

"మంచిగుంటుండెనయ్యా."

"మంచిగా అంటే? గుండ్రంగానా, కోలగానా?"

"అది సూస్తె సల్లగుంటుండె."

"సరే, ముక్కు?"

"ముక్కున్నది."

"ఎలా ఉండేదమ్మా ఆ ముక్కు? పొడుగా, పొట్టా, వెడల్పా?"

"నా బిడ్డ ముక్కు నా బిడ్డ ముక్కు లెక్కనే ఉండె. ఇంకెట్లుంటది?"

నాకు కోపమొచ్చింది. నిజంగా ఆమె మీదే వచ్చింది. "కన్నతల్లివి, ఆ మాత్రం చెప్పలేవా?" అనేశాను. ఆమె తల వంచుకుంది. లోపలి నుంచి మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, నన్ను నిలబెట్టి అడిగింది: "మీ అమ్మ ముక్కు ఎట్లుంటుండెనో జెప్పుండ్రి సూద్దాం." నేను పెన్సిళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టాను. మా ఆవిడ ఆమెకు మజ్జిగ ఇచ్చి, కాసేపు పక్కన కూర్చుని, పంపించింది.

చివరికి నా చేతికి వచ్చినట్టే వేశాను. నా చేతికి వచ్చేవి ఒకే రకం కళ్ళు. బాదంకాయల్లా కోలగా, లోపల చిన్న తెల్లచుక్క. అప్పట్లో మా జిల్లాలో పెళ్ళికూతుళ్ళందరికీ ఫోటోల్లో అవే కళ్ళు, అదే సన్నటి ముక్కు. పది రోజులు కూర్చుని చేశాను. చేతిపనిగా చూస్తే నా జీవితంలో అంత బాగా ఏదీ చేయలేదు. చూసినవాళ్ళెవరూ అది గీసిన మొహమంటే నమ్మేవాళ్ళు కాదు.

ఆమె వచ్చి, రెండు చేతులా పట్టుకుని చూసింది. నేను ఆమె మొహం వంక చూడలేక గోడ వంక చూశాను.

"మంచిగున్నదయ్యా," అంది చివరికి.

ఆ మాటతో నా గుండె మీంచి బండ దిగినట్టయింది. తల్లే ఒప్పుకున్నాక ఇక నాకేమిటి అనుకున్నాను. పైసలు తీసుకోలేదు, బస్సు కిరాయి ఇచ్చి పంపాను, అదేదో గొప్ప పని చేసినట్టు. మా బామ్మర్ది "సూసినవా మల్ల?" అన్నాడు. నేను వాణ్ణి తిట్టలేదు. ఆ చిన్న కెమెరాను మాత్రం వాడికే ఇచ్చేశాను.

రెండేళ్ళు పోయాయి. రాజ్యం ఎవరిదన్న గడబిడలు మా వైపు ఊళ్ళల్లో ఇంకా ముదరని రోజుల్లో, పాస్టరుగారి చేతి చీటీ ఒకటి వచ్చింది. ఆమె రెండో బిడ్డకు పెళ్ళి. ఫోటో తీయాలి. కింద ఒక వాక్యం: పెద్ద కెమెరాతోనే తీయాలని తల్లి మరీమరీ చెప్పింది.

తీసుకెళ్ళాను. బస్సువాడు ఎక్కనివ్వలేదు, బండివాడు ఒప్పుకుని సగం తోవలో సతాయించాడు, వాగు దగ్గర పెట్టె నెత్తిన పెట్టుకుని దాటాను. దారి పొడుగునా అందరినీ తిట్టాను. కాని స్టాండూ పలకలూ అన్నీ క్షేమంగా వాళ్ళ వాకిట్లో దించాను.

పెళ్ళింటి గోడకు, అద్దం లేని కొయ్య చట్రంలో, కాగితం పూల దండ వేసి ఉంది నేను చేసిన ఫోటో. పందిట్లో ఉన్నవాళ్ళు దాన్ని చూపించి "పెద్దబిడ్డ, ఎంత మంచిగుండె!" అనుకుంటున్నారు. అప్పుడే లోపలి నుంచి పెళ్ళిపిల్ల బయటికి వచ్చింది. చిన్న కళ్ళు, లోతుగా. వెడల్పు ముక్కు. నవ్వితే పైపెదవి పక్కకు పోతోంది. తల్లి వంక చూశాను. అవే కళ్ళు, అదే ముక్కు, అదే పెదవి. ఇంట్లో ఉన్న మేనత్తలూ పిల్లలూ అందరివీ అవే. గోడ మీది ఆమె ఒక్కతే ఆ ఇంటి మనిషి కాదు. పాలమూరు బజారులో ఏ ఫోటోలో చూసినా కనిపించే పెళ్ళికూతురు ఆమె. తలెత్తి ఎదురుగా ఉన్న తల్లి మొహం చూస్తే చాలేది నాకు ఆ రోజు. ముక్కెలా ఉండేదని అడుగుతూ కోప్పడ్డాను!

నేను స్టాండు నిలబెడుతుంటే తల్లి నా పక్కకు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, కొంగు చేతిలో చుట్టుకుంటోంది.

"అయ్యా, ఒక్కమాట అడుగుత. కోపం జెయ్యకు."

"చెప్పమ్మా."

"గా కండ్లు నువ్వు పెట్టినవా?"

అబద్ధం చెప్పొచ్చు. రెండేళ్ళ కింద చెప్పినదాని మీద ఇంకొకటి.

"నేనే పెట్టాను. కళ్ళు, ముక్కు, నోరు, అన్నీ నేను పెట్టినవే. ఫోటోలో నీ బిడ్డ మొహం సరిగా పడలేదమ్మా. చిన్న కెమెరాతో తీశాను. తప్పు నాది."

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. తల ఊపింది.

"నాకు ఆనాడే ఎరుకయ్యా, అది గాదని. నువ్వు గంత కష్టవడితివి, ఏమంట? ఇంటికి తెచ్చి పెట్టిన. మొదట్ల ఇద్దరూ అవుపడుతుండె. గోడ మీదామె గోడ మీద, నా బిడ్డ నా కండ్లల్ల. రానురాను కండ్లు మూస్తె గీమెనే వస్తాంది. ఎంతసేపు కూసున్నా గీమెనే. నా బిడ్డ వస్తలేదయ్యా."

వాకిట్లో డప్పు మొదలైంది. ఎవరో పెళ్ళిపిల్లను కుర్చీ దగ్గరికి పిలుస్తున్నారు. ఆమె కదల్లేదు. గోడ వైపు చూస్తూ, గొంతు తగ్గించి అడిగింది:

"నువ్వు పెట్టిన కండ్లు తడిగుడ్డతోని తుడిస్తె పోతయా? పోతె, కింద దానియి ఉంటయా?"

"కింద ఏమీ లేదమ్మా," అన్నాను.